నిలువెత్తు వత్తి

ఎమ్మొట్ తన కుడిచేతి మీద ఆశ వదులుకొని ఇంటి గడప దాటుతుండగా పోయినవారం ఆమెను విడిచిపెట్టాము. చంకన బుట్ట, బుట్టలో తొలిపంట రొట్టె, రొట్టె కింద చుట్టగా చుట్టిన మైనపు వత్తి. రెండు గుప్పిళ్ళలో ఇమిడే ఆ వస్తువు చెయ్యి నరికించేటంతటి నేరం ఎలా అయిందో గుర్తు చేసుకోవాలంటే ముందుగా ఒక రాతిపీట దగ్గరికి వెళ్ళి రావాలి.

ఎల్డర్‌విక్ పెద్దగుడిలో, బలిపీఠానికి ఉత్తరంగా, వీపు ఆనించుకోవడానికైనా వీలులేని ఆ పీట ఉంది. దానిమీద కూర్చున్నవాడు హంతకుడే అయినా నలభై రోజులపాటు రాజు మనుషులు వాణ్ణి ముట్టరాదు. చలికాలం చివర ఆడమ్ అనే గుర్రపు జీన్లు కుట్టే పనివాడు, తన ఆవును పన్నుకింద తోలుకుపోతున్న రాజభటుణ్ణి కొట్టి, పరుగెత్తుకువచ్చి ఆ పీట ఎక్కాడు. రాజప్రతినిధి ఫుల్క్ డ్రేటన్ దొర గుడిలోకి వచ్చి, తన కుడిచేత్తో వాడి మెడ పట్టి ఈడ్చుకుపోయి ఉరితీయించాడు. మూడోనాడు అగ్రపీఠాధిపతి జెర్వాస్ పన్నెండుమంది గురువుల చేతుల్లో పన్నెండు వత్తులు వెలిగింపజేసి, ఫుల్కును సంఘంనుంచి వెలివేస్తున్నానని చెప్పి, ఆ వత్తులను నేలకు కొట్టించి ఆర్పించాడు. వెలి ఎత్తివేయమని రాజు రాశాడు. ఎత్తివేయకపోతే తల పోతుందని ఫుల్క్ కబురు చేశాడు. "తల నాది, ఇస్తాను. పీట నాది కాదు, ఎలా ఇవ్వను?" అన్నది జెర్వాస్ జవాబు. ఆ జవాబుకూ, నది ఒడ్డున తోళ్ళు ఆరబెట్టే మైదానంలో ఆయన తల తెగిపడడానికీ మధ్య గడిచిన కాలం పదకొండు వారాలు.

వెలివేసినవాడు పోయాడు గాని వెలి పోలేదు. కొత్త అగ్రపీఠాధిపతి వచ్చి ఎత్తివేసేదాకా ఫుల్క్ గుడి గడప తొక్కరాదు. తొక్కితే లోపల ఏ పూజ జరుగుతున్నా గురువు ఆ క్షణంలోనే పుస్తకం మూసెయ్యాలి. ఇంటివాళ్ళకూ జీతగాళ్ళకూ తప్ప మరెవరికీ అతనితో మాట్లాడే హక్కు లేదు. ఇది ఇలా ఉండగా ఊరు ఇంకొక పని మొదలుపెట్టింది. జబ్బుపడ్డ మనిషిని నెత్తినుంచి మడమదాకా దారంతో కొలిచి, ఆ దారాన్నే వత్తిగా పోయించి, ఒక పుణ్యాత్ముడి సమాధి దగ్గర వెలిగించడం ఉత్తరాదిలో తాతలనాటి ఆనవాయితీ. జెర్వాస్ సమాధి దగ్గర రెండు నెలల్లో అరవైకి పైగా నిలువెత్తు వత్తులు వెలిగాయి. తాను తల తీయించినవాడికి జనం దండం పెడుతున్నారంటే తనను తిడుతున్నట్టేనని రాజుకు తెలుసు. అందుకే పేర్లు కావాలని రాశాడు. ఫుల్క్ డప్పు కొట్టించాడు. వత్తి పోసినవారికీ, దానిని మోసినవారికీ, అది ఎవరి కొలతో వారికీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర తీయబడును. ఎవరూ చేరకుండా సమాధి మీద పండుగనాటి మధ్యాహ్నానికల్లా దుంగలు పేర్చబడును.

ఈ రోజే ఆ పండుగ. కొత్త గోధుమల తొలి రొట్టెను గుడికి తీసుకువెళ్ళి దీవెన పొందే రోజు కనుక వీధిలో బుట్టలేని ఆడమనిషి లేదు. వత్తిని దాచుకోవడానికే ఎమ్మొట్ ఈ రోజు ఎంచుకుందని తరువాత కొందరు చెప్పుకున్నారు. అది నిజం కాదు. దాచదలచుకుంటే ఆమెకు వేరే దారులున్నాయి. ముప్పైయేళ్ళుగా గుడికి వత్తులు పోస్తున్న మనిషి, పక్కతలుపులన్నీ ఎరుగును. ఆమె ఎంచుకున్నది జనాన్ని. చెయ్యి పోయేదైతే ఊరంతా చూస్తుండగా పోవాలి. అది డప్పు కంటే దూరం వినిపిస్తుందని ఆమె నమ్మకం.

కసాయి టోకీ అంగడి మూసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె బుట్టను ఒక చూపు, ఆమె ముఖాన్ని ఒక చూపు చూశాడు.

"వదినా, ఆ చెయ్యి నిజంగా పోయేదే అయితే ఆ దక్షిణాది మొద్దుగాళ్ళకి అప్పజెప్పకు. నా దగ్గరికి రా. కీలు చూసి, నొప్పి తెలీకుండా తీస్తాను."

"నీ కత్తికి పదునెక్కడిదిరా టోకీ. మొన్న నువ్విచ్చిన గొర్రె మెడ నమల్లేక మా పిల్లి ఊరొదిలిపోయింది."

అతను నవ్వలేదు. పైబట్ట భుజాన వేసుకుని ఆమె వెనక నడిచాడు. అతన్ని చూసి అతని పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి ఉన్ని ఏకేవాళ్ళు కదిలారు. గుడి ఉత్తర ద్వారం చేరేసరికి ఎమ్మొట్ వెనక నూరుమంది దాకా ఉన్నారు.

ద్వారం పక్కన దుంగలు బండ్లమీదనుంచి దించి ఉన్నాయి. మోయడానికి ఊళ్ళో ఒక్క కూలి రాకపోవడంతో సైనికులే మోస్తున్నారు. గడపకు అవతల, గుడిలోపల, చివరి గోడవారగా జెర్వాస్ సమాధి కనిపిస్తోంది. గడపకు ఇవతల, సరిగ్గా ఒక రాతిపలక దూరంలో, ఫుల్క్ దొర నిలబడి ఉన్నాడు. వసంతం మొదలు అతను ప్రతిరోజూ అక్కడే నిలబడుతున్నాడు, ఆ పలకను దాటకుండా. గుంపులో అందరికంటే తలా భుజాలూ ఎత్తుగా కనిపించే మనిషి. కుడిచేతికి తోలు తొడుగు వేసి బొటనవేలిని నడికట్టులో దోపుకున్నాడు. గుర్రం మీదనుంచి పడ్డానని అతను చెబుతాడు. ఆడమ్ మెడ పట్టిన చెయ్యి అదేనని ఊరు చెబుతుంది.

"బుట్టలో ఏముంది?" అన్నాడు ఫుల్క్.

ఎమ్మొట్ అతని పక్కనున్న దళనాయకుడు డ్రోగో వైపు తిరిగింది. డ్రోగో దక్షిణాదినుంచి జీతానికి వచ్చినవాడు. ఈ ఊరి చలినీ, ఈ ఊరి సారానీ, ఈ ఊరి మనుషులనూ ఒకే ఓర్పుతో భరిస్తున్నవాడు.

"నాయకుడుగారూ, ఎవరో ఏదో అడుగుతున్నట్టుంది. గాలి హోరుగా ఉంది కదా, నాకు వినపళ్ళేదు."

ఆకు కదలడం లేదు. వెనక ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"బుట్టలో ఏముందని దొరగారు అడుగుతున్నారమ్మా," అన్నాడు డ్రోగో.

"రొట్టె."

"రొట్టె కింద?"

"వత్తి."

ఆమె అంత తేలికగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. డ్రోగో కూడా అనుకోలేదు. దొర వైపు చూశాడు. ఫుల్క్ ఎవరిదని అడగమన్నాడు. ఎమ్మొట్ ఆ మాట డ్రోగో నోట రెండోసారి వచ్చేదాకా ఆగి బదులిచ్చింది.

"నాకు తెలీదు. దారం తెచ్చినవాళ్ళని మేం పేరడగం. పేరు దేవుడికి, పొడుగు మాకు. మా అత్త అడగలేదు, ఆవిడత్తా అడగలేదు."

అది నిజమే. ఎనిమిది రోజుల కిందట ముఖం పూర్తిగా కప్పుకున్న ఒక ముసలామె కొట్టుకు వచ్చింది. బిచ్చగత్తె పైబట్ట, కాళ్ళకు మాత్రం బురద అంటని మెత్తటి దూడతోలు చెప్పులు. దారపు ఉండ బల్లమీద పెట్టి, మా ఇంటి మనిషిది అని మాత్రం చెప్పింది. ఎమ్మొట్ దారం సాగదీసి చూస్తే అది మామూలు మనిషికి ఉండవలసినదానికంటే చాలా పొడవుంది. ఆమె ఆశ్చర్యపోలేదు. పుణ్యాత్ముడు ఎక్కువ వెలుగుకు ఎక్కువ కరుణిస్తాడని పేదవాళ్ళు జానెడో బెత్తెడో కలిపి కొలవడం ఆమె ఎరుగును. అలాగే పోసింది. ఆ ఊళ్ళో వత్తులు పోసే ఏ మనిషైనా అలాగే పొరపాటు పడేది.

ఫుల్క్ ఒక్క క్షణం ఆలోచించాడు. తెలివితక్కువవాడు కాదు. ఈ ఊరు నోరు విప్పదని రెండు నెలలుగా చూస్తున్నాడు.

"పేరు చెప్పకపోతే పొడుగునే అడుగుదాం," అన్నాడు. "ఆ చుట్ట విప్పండి. ఊళ్ళో ప్రతివాణ్ణీ దానికి ఆనించి కొలవండి. ఎవడికి సరిపోతే వాడూ, వాడి ఇల్లూ దొరికినట్టే."

అది చుట్టి ఉన్నప్పుడు రెండు గుప్పిళ్ళంతే కనిపిస్తుంది. ఏ పసిబిడ్డదో అయి ఉంటుందనీ, తల్లి అక్కడే గుంపులో ఉంటుందనీ, బిడ్డను కొలవబోతే ఏడుపు దానంతట అదే బయటపడుతుందనీ అతని అంచనా. డ్రోగో వత్తి కొస పట్టుకోబోయాడు.

"ఆగండి నాయకుడుగారూ. చల్లగా ఉన్నప్పుడు విప్పితే విరుగుద్ది. విరిగితే ఆ మనిషికి మంచిది కాదు. ఎండ పడే మెట్టుమీద పెట్టండి, మెత్తబడనివ్వండి."

చెయ్యి నరకబోయేవాళ్ళకు సాక్ష్యం ఎలా కాపాడాలో చెబుతోందేమిటని గుంపులో గొణుగుడు పుట్టింది. ఎమ్మొట్‌కు తన చేతికంటే ముందు గుర్తొచ్చింది ఎక్కడో మంచం పట్టి ఉన్న ఆ పేరు తెలియని మనిషి. డ్రోగో చుట్టను మెట్టుమీద పెట్టాడు. వత్తి ఎండలో ఉంది. ఊరు, దొర, సైన్యం అందరూ ఒక మైనపు చుట్ట మెత్తబడడం కోసం కాచుకుని నిలబడ్డారు.

ఎమ్మొట్ ఆ వత్తి రంగు చూస్తోంది. ఎండలో అది కొత్త మైనంలా పచ్చగా మెరవడం లేదు. అక్కడక్కడ మసి చారలున్నాయి. ఆ మసి సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

చలికాలం చివర, వెలి వేయడానికి ముందునాడు, జెర్వాస్ తానే నడిచి ఆమె కొట్టుకు వచ్చాడు. పడవవాడి కొడుకు, ఏటికి అడ్డంగా కేకవేసి ప్రయాణికులను పిలిచిన గొంతు అది. ఎన్ని శాస్త్రాలు చదివినా ఆ గొంతు సన్నబడలేదు. పొట్టి గుమ్మం కింద వంగి లోపలికి వచ్చి, పన్నెండు వత్తులు కావాలనీ, తేనెపట్టు మైనంతో పోయాలనీ అన్నాడు.

"నేలకేసి కొట్టేవాటికి అంత మంచి మైనమెందుకు పెద్దయ్యా? గొర్రెకొవ్వుతో పోస్తే చాలదా?"

"ఆరిపోయాక అవి నువ్వే ఏరి దాచాలి ఎమ్మొట్. వాడు మనసు మారి తిరిగొచ్చిన రోజు మళ్ళీ అవే వెలిగించాలి. కొవ్వైతే ఎలకలు తినేస్తాయి."

"ఆయన తిరిగొచ్చే మనిషి కాదు పెద్దయ్యా. ఆ మొహం చూశారా మీరు?"

"చూశాను. అందుకే మంచి మైనం అడుగుతున్నా. చాలాకాలం ఆగాలి మరి."

ఆమె ఏరి దాచింది. పన్నెండు ముక్కలూ గుడ్డలో మూటకట్టి దూలం మీద పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. తరువాత డప్పు మోగింది. ఫుల్క్ మనుషులు ఆమె మైనపు గదికి తాళం వేసి రాజముద్ర కొట్టారు. ముసలామె దారం తెచ్చిననాటికి కొట్టులో తులం మైనం లేదు, దూలం మీది ఆ మూట తప్ప. ఎమ్మొట్ ఒక పగలంతా ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకవైపు చచ్చిపోయినవాడికి ఇచ్చిన మాట, మరొకవైపు చావబోతున్నవాడెవడికో చివరి ఆశ. సాయంత్రం పన్నెండు ముక్కలూ కరిగించింది. ఆ రోజునుంచి ఆమెకు సరిగ్గా తిండి సయించలేదు.

"మెత్తబడింది," అన్నాడు డ్రోగో.

వత్తి కొసను ఈటె ములుకుకు ఆనించి కిందికి విప్పుకుంటూ వచ్చారు. సగం విప్పేసరికే అది పసిబిడ్డది కాదని తేలిపోయింది. పూర్తిగా విప్పి, చివర తాకినచోట ఈటె కర్రమీద బొగ్గుతో గీత పెట్టి, కర్రను తలకిందులుగా గోడకు నిలబెట్టారు. గీత అంత ఎత్తున ఉండడం చూసి డ్రోగో తల గోక్కున్నాడు.

కొలతలు మొదలయ్యాయి. ఆడవాళ్ళను కొలవడం దండగ అని వాళ్ళకు వాళ్ళే పక్కకు జరిగారు. మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఈటె పక్కన నిలబడ్డారు. మొదట భయంతో వచ్చినవాళ్ళు రానురాను వేడుకగా రావడం మొదలుపెట్టారు. ఉన్ని ఏకేవాళ్ళు అందరూ గీతకు మూరెడు కింద ఆగారు. గంట కొట్టే పొడుగాటివాడు తనదేనేమోనని చెమటలు కక్కుతూ వచ్చాడు. అతనూ జానెడు తక్కువే. టోకీ మునివేళ్ళమీద నిలబడి, గడ్డం పైకెత్తి, అయినా అందక, దొరగారికి తన వంశం మీద దయ లేదని వాపోయాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు డ్రోగో, విసుగ్గా.

ఎవరూ కదలలేదు. ముందు వరసలో నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆ తరువాత అందరూ ఒకే వైపు చూసి, వెంటనే చూపు నేలకు దించుకున్నారు. తలా భుజాలూ ఎత్తుగా కనిపించే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే.

ఎమ్మొట్ మళ్ళీ ఆ బొగ్గు గీత వైపు చూసింది. దారంలో అదనంగా కలిపింది ఏమీ లేదు. దారం తెచ్చిన ముసలామె అబద్ధమాడలేదు, బెత్తెడు కలపలేదు. ఆ పన్నెండు ముక్కలు ఎవరి కోసం ఆగాలని పెద్దయ్య చెప్పాడో, సరిగ్గా వాడి నిలువెత్తులోకే వెళ్ళిపోయాయి. తాను తప్పానని ఎనిమిది రోజులుగా కుమిలిన మాట, తన చేతిలోనే, తనకు తెలియకుండానే నెరవేరింది. ఆమె తల ఎత్తింది.

"నాయకుడుగారూ. ఇంకొక్కరిని కొలవలేదు."

డ్రోగో దొరవైపు చూడలేదు. చూడకపోవడంతోనే అతనికీ అర్థమైందని అందరికీ తెలిసింది. ఫుల్క్ తానే కదిలాడు. ఈటె పక్కకు నడిచి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ముఖంలో భయం లేదు. తన మీద పన్నిన కుట్రను బయటపెడుతున్నవాడి ధీమా ఉంది.

"కొలువు," అన్నాడు.

డ్రోగో అరచెయ్యి అతని నెత్తిమీద పరిచి ఈటె దాకా జరిపాడు. చిటికెనవేలు బొగ్గు గీత మీద పడింది. కింద లేదు, పైన లేదు.

"ఆ మైనం ఎక్కడిదో కూడా చెప్పండి నాయకుడుగారూ," అంది ఎమ్మొట్. గొంతు పెంచలేదు. "నా గదికి తాళం వేశారు కదా. నా దగ్గర మిగిలింది పన్నెండు ముక్కలే. ఆయన్ని వెలివేసిన రోజున గురువులు నేలకు కొట్టినవి. ఆయన తిరిగొచ్చిన రోజు వెలిగించమని పెద్దయ్య నాకిచ్చి వెళ్ళారు. ఆయన్ని ఆర్పిన వత్తులే ఆయన నిలువునా ఉన్నాయి. నరకమనండి ఇప్పుడు."

కొందరు సిలువ గుర్తు వేసుకున్నారు. ఫుల్క్ గోడనుంచి కదిలాడు. అతను అడిగినది ఒక్కటే. నిద్రలో తనను కొలిచినది ఎవరు? తన పడకగదిదాకా వచ్చిన చెయ్యి ఎవరిది? ఎమ్మొట్ తెలియదని డ్రోగోతోనే చెప్పింది. తెలిసినా చెప్పనని కూడా చెప్పింది. ఆ రెండో మాట చెప్పవలసిన పని లేదు, అయినా చెప్పింది. అతను సైగ చేశాడు. సమాధిమీద పేర్చడానికి తెచ్చిన దుంగల్లోంచి ఒకదాన్ని దొర్లించుకువచ్చి ఆమె ముందు నిలబెట్టారు. కత్తి తెమ్మని టోకీని అడిగితే, పండగపూట కత్తి పట్టనని చేతులు కట్టుకున్నాడు. డ్రోగో బండిలోంచి గొడ్డలి తీశాడు.

ఎమ్మొట్ కుడిచేతి బట్ట మోచేతిదాకా మడిచింది. ముప్పైయేళ్ళ వేడి మైనం చుక్కలు ఆ చేతిమీద తెల్లటి మచ్చలుగా మిగిలి ఉన్నాయి. ఎవరూ పట్టుకోకముందే దాన్ని దుంగమీద తానే పెట్టింది.

"ఆవిడ చెయ్యి దుంగమీదనుంచి తియ్యమను ఫుల్కూ. దారం నాది."

గుంపు చీలింది. బిచ్చగత్తె పైబట్ట కప్పుకున్న ఒక ముసలామె, ఒళ్ళో తొలిపంట రొట్టెతో అంతసేపూ ద్వారం పక్క అరుగుమీద కూర్చున్నది, లేచి వస్తోంది. ఎమ్మొట్‌కు ముందుగా కనిపించినవి దూడతోలు చెప్పులు. ముసలామె ముసుగు తీసింది. ఊళ్ళో చాలామంది ఆమెను ఎప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు మోకరిల్లబోయి, వెలిపడ్డవాడి తల్లి అని గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయారు. ఫుల్క్ తల్లి హవీస్ దొరసాని. ఇంటిమనిషి కనుక అతనితో మాట్లాడే హక్కు ఆ ఆవరణలో ఉన్న ఆడవాళ్ళలో ఆమె ఒక్కదానికే ఉంది.

"అమ్మా, నువ్వు ఇంటికి వెళ్ళు," అన్నాడు ఫుల్క్.

"పుట్టినప్పుడు నువ్వు మూరెడు లేవు. రంగు నీలంగా ఉండేవాడివి. మంత్రసాని బట్ట కప్పేసింది. అప్పుడూ నేనే దారంతో కొలిచాను, మీ నాన్న వద్దన్నా. బతికావు. మొన్న భోజనం చేసి బల్లమీదే నిద్రపోతే మళ్ళీ కొలిచాను. దారం చాలక రెండు ముడివేశాను. ఇంత పెరిగావేంట్రా అనుకున్నాను."

"నాకేం జబ్బు లేదు."

"ఆ చెయ్యి రొట్టె విరవగలదా? తొడుగు తీసి చూపించు, ఊరంతా చూస్తుంది."

అతను తీయలేదు.

"నేను చంపించినవాడి దగ్గరికే పోయి నా కోసం అడిగావా?" అన్నాడు. ఆ ప్రశ్నలో కోపం ఉంది. కోపం అడుగున మరొకటి కూడా ఉంది. అదేమిటో ఎమ్మొట్ అంత దగ్గరనుంచి కూడా పోల్చుకోలేకపోయింది.

"ఇంకెవర్ని అడగను నాయనా? వెలి వేసినవాడే కదా తియ్యాలి."

హవీస్ మెట్టు దగ్గరికి నడిచి, మెత్తబడ్డ వత్తిని రెండు చేతులతో ఎత్తింది. కొడుకు ఎదుట మునివేళ్ళమీద లేచి, పండుగనాడు పిల్లవాడికి దండ వేసినట్టు, దాన్ని అతని మెడచుట్టూ వేసింది. రెండు కొసలూ అతని తొడలదాకా వేలాడాయి. తరువాత దుంగ దగ్గరికి వచ్చి, రొట్టె ఎమ్మొట్ బుట్టలో పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని, ముడతలుపడ్డ తన కుడిచేతిని మైనపు మచ్చల చెయ్యి పక్కన పెట్టింది.

"చాటింపు నీదే కదా. పోసిందావిడ, ఇప్పుడు మోసింది నేను. ఎక్కువసేపు ఇలా కూర్చోలేను, తొందరగా కానివ్వమను. మూడోచెయ్యి సంగతి నువ్వే చూసుకో. అదెలాగూ చచ్చిందే."

లోపల మధ్యాహ్న పూజ మొదలైంది. గురువు చదువు సన్నగా వినిపిస్తోంది. డ్రోగో గొడ్డలి పట్టుకుని దొర ముఖంలోకి చూశాడు. జీతానికి చేయగలిగిన పనులకు ఒక హద్దు ఉంటుందనీ, ఆ హద్దు ఈ దుంగ దగ్గరే ఉందనీ ఆ చూపులో రాసి ఉంది.

"అలా దూరంగా జరక్కు," అని హవీస్ ఎమ్మొట్‌తో నెమ్మదిగా అంది. "చేతులు దగ్గరగా ఉంటే ఒకే దెబ్బతో పోతాయి."

"నా వత్తి విరిగిందా దొరసానీ, మెడలో వేసినప్పుడు?"

"లేదు. మంచి మైనం."

ఎమ్మొట్ కళ్ళు మూసుకుంది. గొడ్డలి ఒక చేతిలోంచి ఇంకొక చేతిలోకి మారిన చప్పుడు వింది. దెబ్బ కోసం కాచుకుంది. దెబ్బ రాలేదు. బరువైన అడుగులు రెండు ఆమె పక్కనుంచి వెళ్ళాయి. గుంపు ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. ఆమె కళ్ళు తెరిచేసరికి డ్రోగో ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. గడపకు ఇవతలి రాతిపలక, వసంతం మొదలు రోజూ ఒక మనిషి నిలబడిన ఆ పలక, ఖాళీగా ఎండలో మెరుస్తోంది. దానిమీద ఒక తోలు తొడుగు పడి ఉంది.

గడపకు అవతల ఫుల్క్ నడిచిపోతున్నాడు, ఎడమచేతిలో గొడ్డలి, మెడలో నిలువెత్తు వత్తి. సమాధిని పగలగొట్టడానికి వెళ్ళాడో, దానిముందు పడడానికి వెళ్ళాడో అతని వీపు చెప్పడం లేదు.

లోపల గురువు చదువు మధ్యలో ఆగింది. పుస్తకం మూసిన చప్పుడు గుడి చివరి స్తంభం దాకా వినిపించింది.